దగ్గిన తర్వాతే దెబ్బ

మొయినాబాద్,
7 ఏప్రిల్ 1969

అక్కకు,

నిన్న ఈస్టరు ఆరాధన అయ్యాక చేవెళ్ళ గుడి మెట్ల మీద నీకు వందనం పెడితే నువ్వు పాస్టరుగారి గొడుగు వైపు చూశావు. అంతకుముందు మూడుసార్లు ఇంటికి వస్తే తలుపు తీయలేదు. తమ్ముడికి తలుపు తీయకపోయినా టపా తీసుకుంటావని నాకు నమ్మకం. సర్కారు దవాఖానా నర్సువి, కవరు వెనక్కి పంపే అలవాటు నీకు లేదు.

బస్సెక్కితే గంట కూడా పట్టని దూరంలో ఉండి ఉత్తరాలు రాసుకునే అక్కాతమ్ముళ్ళు ఈ చుట్టుపక్కల మనమే అయి ఉంటాం. ఆ పేరన్నా మనకు దక్కనీ.

ముందు చెప్పాల్సింది చెప్పేస్తాను. మార్చి రెండో తారీఖున పట్నంలో సినిమా అభిమానుల మహాసభలో బావ స్టేజీ మీద నుంచి రాతిమెట్ల మీద పడి తుంటి ఎముక విరగడానికి కారణం నేనే. మా ఖడ్గ వినోద మండలికి ఉన్నది ఒకే చట్టం. పడేవాడు తాను సిద్ధమని ఒకసారి దగ్గాలి. దగ్గిన తర్వాతే కొట్టేవాడు కత్తి విసరాలి. బావ దగ్గకముందే నేను విసిరాను. తప్పు నాది. ఇంతకంటే చెప్పడానికేమీ లేదు.

నువ్వు మా ఆట ఒక్కసారీ చూడలేదు. అందుకని నేను ఏం పోగొట్టుకున్నానో నీకు తెలియాలని రాస్తున్నాను. జానపద సినిమాలో హీరో ఒక్కడే నలభై మంది భటులను నరుకుతాడు కదా. మాకు నలభై మంది ఎక్కడి నుంచి వస్తారు? చెక్కకత్తి పట్టుకునే హీరోని నేను. డోలు వాయించేది చిల్కూరు జంగయ్యన్న. ఇక నలభై మంది భటులూ బావ ఒక్కడే. ఒకడు చావగానే లేచి, తెర వెనక్కి కూడా పోకుండా, జనం చూస్తుండగానే తలపాగా మార్చి ఇంకొకడై మీదికి వస్తాడు. ఒకడు చచ్చేముందు బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకుంటాడు. ఒకడు చచ్చి, పంచె సరిగా లేదని లేచి సర్దుకుని, మళ్ళీ చస్తాడు. ఒకడు హీరో అభిమాని. ఆటోగ్రాఫు తీసుకుని మరీ చస్తాడు. అక్కా, ఆ సభలకు వచ్చే అభిమానులు తమ హీరోని ఎవరన్నా చిన్న మాటంటే కుర్చీలు విరగ్గొట్టే రకం. వాళ్ళే మా ఆటకు కండ్ల నీళ్ళు పెట్టుకుని నవ్వుతారు. మేం హీరోని ఎక్కడా తగ్గించం, చచ్చేవాళ్ళను మాత్రం పెంచుతాం. ఈ సంగతి కనిపెట్టింది బావే.

జనవరి నుంచి బడికి తాళం. తెలంగాణ కావాలని పిల్లలంతా రోడ్ల మీదే ఉన్నారు. డ్రిల్లు మాస్టరుకు పిల్లలు లేకపోతే మెడలో విజిల్ ఒక్కటే మిగులుతుంది. ఆ విజిల్ వేసుకునే పొలం గట్ల మీద తిరుగుతున్నాను.

బావ కాలు ఎట్లా ఉందో రెండు ముక్కలు రాయి.

తలుపు బయటి తమ్ముడు,
ప్రేమదాసు


చేవెళ్ళ,
16 ఏప్రిల్ 1969

ప్రేమదాసుకు,

వందనాలు రాయడం లేదు. రాస్తే అబద్ధమవుతుంది.

మీ బావ కాలికి ఇసుక సంచులు కట్టి లాగి పెట్టారు. ఇంకా రెండు నెలలు మంచం దిగకూడదు. పగలు దవాఖానాలో ఊరందరి నొప్పులు చూసి, ఇంటికి వచ్చి ఈ ఒక్కడి నొప్పి చూస్తున్నాను. మొన్న ముడిమ్యాల నుంచి బాలనర్సమ్మ అనే ఆమెను ఎడ్లబండిలో తెచ్చారు. బందు వల్ల డాక్టరుగారు పట్నంలో చిక్కుకుపోయారు. కడుపులో కవలలు, ఒకడు అడ్డం తిరిగాడు. నేనొక్కదాన్నే ఇద్దరినీ బయటికి తెచ్చాను. చెయ్యి ఒక్క వెంట్రుకవాసి తొందరపడినా తల్లీ పిల్లలూ మిగలరు. చెయ్యి ఎక్కడ ఆపాలో తెలియడమే నా పని మొత్తం.

ఆ మాట అనుకోగానే బాపు గుర్తొచ్చాడు. మనిద్దరికీ కట్టెసాము నేర్పి, చివరికి తన కట్టె నాకిస్తూ నీతో అన్నది మరిచిపోయావా? "కొట్టుడు ఎవనికైనా వస్తది బిడ్డా, ఆపుడు రావాలె. నీ చెయ్యి ఆగదు. గందుకే గీ కట్టె పిల్లకిస్తున్న." నువ్వు ఆరోజు అలిగి అన్నం తినలేదు. ఆయన అన్నది అక్షరాలా నిజమని ఇన్నేళ్ళకు నిరూపించావు. అదీ నా భర్త నడుం మీద!

ఇంకొకటి వినిపో. ఫిబ్రవరిలోనే మీ బావతో బైబిలు మీద చెయ్యి వేయించి, ఊరేగింపులకు పోనని ఒట్టు వేయించుకున్నాను. ఆయన పనిచేసే సర్కారు దఫ్తరులో పోయినవాళ్ళ పేర్లు రాసుకుంటున్నారట. ఆ లాఠీల నుంచి, ఆ గ్యాసు పొగ నుంచి మనిషిని దాచుకుంటే, సొంత తమ్ముడు చెక్కకత్తితో విరగ్గొట్టాడు. ఎవరికి చెప్పుకోను?

ఆనాటి అంగీ ఉతుకుతుంటే జేబులో సగం కోసిన ఉల్లిగడ్డ దొరికింది. స్టేజీ మీద ఏడవడానికి అనుకుంటాను. మీ వేషాలకు ఉల్లిగడ్డ కూడానా! నీ పేరెత్తితే ఆయన మొహం గోడ వైపు తిప్పుకుంటున్నాడు. ఎంత మనసు విరిగితే మనిషి అట్లా చేస్తాడు?

ఆయన ఇక మీ మండలికి రాడు. నువ్వు ఈ గడప తొక్కవద్దు.

కరుణమ్మ


మొయినాబాద్,
12 మే 1969

అక్కకు,

కవలలకు నా ముద్దులు. అడ్డం తిరిగినవాడికి రెండెక్కువ. చేవెళ్ళ తాలూకాలో నీలాంటి చెయ్యి ఇంకొకటి లేదని నేను పదిమందిలో చెప్పుకుంటాను. నువ్వు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఆ గొప్పలో నాకూ వాటా ఉంది.

బాపు మాట గురించి రాశావు. మరిచిపోలేదు. పంతొమ్మిదేళ్ళ నుంచి ఒక్కరోజూ మరిచిపోలేదు. ఆ చట్టం పెట్టిందే ఆ మాట కోసం. ఆరేళ్ళు ఆడాం. ఆరేళ్ళూ ఆగిన చెయ్యి ఆ ఒక్కరోజు ఆగలేదని రాసుకో. ఇక ఆ సంగతి నన్ను అడగవద్దు.

కండక్టరు సాయిలు చేతికి ఒక చిన్న మూట ఇస్తున్నాను. అందులో ఎర్ర తలపాగా ఉంది. బావ మంచం దగ్గర పెట్టు. ఆయనకు అర్థమవుతుంది.

ఆట ఆపలేదు. అభిమాన సంఘాలవాళ్ళు వదలడం లేదు. పట్నంలో సభలు కుదరక శంకరపల్లి వైపు, వికారాబాదు వైపు చిన్న చిన్నవి పెట్టుకుంటున్నారు. పడేవాడు ఇంకొకడు దొరికాడు. బావ కాలిగోటికి సరిపోడు గానీ, కష్టపడి పడుతున్నాడు. మొన్న జనం బాగానే నవ్వారు.

వడగాలి ఎక్కువగా ఉంది. మీ మరదలు విమలమ్మ మామిడికాయ తొక్కు పంపుతానంటోంది. నామీద కోపం తొక్కు మీద చూపించకు.

ప్రేమదాసు


చేవెళ్ళ,
3 జూన్ 1969

ప్రేమదాసుకు,

తొక్కు అందింది. విమలమ్మకు నా దీవెనలు. నీకు లేవు.

తలపాగా కూడా అందింది. పనిలోంచి తీసేసినవాడి సామాను ఇంటికి పంపినట్టు పంపావు. మంచం దిగవద్దన్న గడువింకా నిండలేదు, ఆయన మంచం మీద కాలు కదపలేక పడి ఉన్నాడు, నీకు ఇంకొకడు దొరికాడు! సాయిలు బస్సు దిగి మరీ వచ్చి మీ బావ ముందే మొదలుపెట్టాడు: "సామేలన్నా, కొత్త భటుడు మస్తు పడుతుండంట. ఎడమ దిక్కు పడితే ఒక తీరు, కుడి దిక్కు పడితే ఒక తీరు. మీ బామ్మర్ది ఏడ దొరకవట్టిండో ఏమో!" నేను కండ్లెర్రజేస్తే గానీ నోరు మూయలేదు.

మీ బావ ఆ తలపాగా మొహం మీద పెట్టుకుని ఏడ్చాడు. పెండ్లయిన పద్నాలుగేళ్ళలో ఆయన ఏడవడం నేను చూసింది రెండోసారి. మొదటిసారి వాళ్ళ అమ్మ పోయినప్పుడు. "ఎందుకు ఏడుస్తున్నరు, గంత దుఃఖమేంది?" అని అడిగితే, "ప్రేమదాసును ఏమనకు" అన్నాడు. విరగ్గొట్టినవాడిని కూడా వెనకేసుకొచ్చే మనిషికి నువ్వు చేసిన మర్యాద ఇదీ. తలపాగా తిరిగి పంపుదామంటే ఇవ్వలేదు, తలగడ కింద పెట్టుకున్నాడు.

రోడ్డు మీద పోలీసు లారీలు తిరుగుతున్నాయి. దవాఖానాలో పట్టీలకు గుడ్డ చాలడం లేదు. నీ ఉత్తరాలు చదివే తీరిక లేదు, రాయకు.

కరుణమ్మ


మొయినాబాద్,
22 జూన్ 1969

అక్కా,

రాయవద్దన్నావు. నీ మాట కాదనడం ఇదే మొదలు కాదు కాబట్టి రాస్తున్నాను. బస్సులు లేక, సర్కారు నౌకర్ల సమ్మెతో టపా కదలక, నీ ఉత్తరం నిన్ననే చేరింది. పద్దెనిమిది రోజులు నువ్వు నన్ను తిట్టుకుంటూ ఉన్నావన్నమాట, నాకు తెలియకుండానే.

ఆ కొత్త భటుడిని నేనే.

ముందే రాయాల్సింది. పడటం బాగా వచ్చాక చెప్పి మెప్పించాలని దాచాను, నా గొప్పలకు నేనే చిక్కాను. బావ మంచాన పడ్డ నాలుగో రోజునే జంగయ్యన్నకు చెక్కకత్తి ఇచ్చాను. చిల్కూరులో ఆయన కళ్ళం మీద వరిగడ్డి పరిచి, పొద్దున్నే పడటం మొదలుపెట్టాను. జంగయ్యన్న మొదట ఒప్పుకోలేదు. "నేను రైతును సారూ, ఎద్దును గూడ కొట్టను, నిన్నెట్ల కొడ్త?" అన్నాడు. ఇప్పుడు చేతికి అలవాటైంది. నేను దగ్గేదాకా మాత్రం కత్తి కదపడు. ఆ ఒక్క సంగతిలో నాకంటే గట్టివాడు.

అక్కా, కొట్టేవాడిగా ఆరేళ్ళు చప్పట్లు కొట్టించుకున్నాను. చప్పట్లన్నీ నావేననుకున్నాను. పడటం మొదలుపెట్టాక తెలిసింది, మా ఆటలో ఉస్తాదు కొట్టేవాడు కాదు, పడేవాడు. ఎటు పడాలి, ఎంత చప్పుడు కావాలి, జనం నవ్వు ఎప్పుడు ఆగుతుంది, మళ్ళీ ఎప్పుడు లేవాలి అన్నీ వాడికే తెలియాలి. వీపంతా నల్లబడింది. విమలమ్మ వాము నూనె రాస్తూ తిడుతోంది. నలభై మందిలో ఇప్పటికి పదిహేడు మంది నా ఒంట్లోకి వచ్చారు. బీడీవాడు వచ్చాడు. పంచెవాడు వచ్చాడు. ఆటోగ్రాఫువాడు ఇంకా రాలేదు. అది బావ మొహంలోనే ఉన్న విద్య.

ఇక తలపాగా సంగతి. ఎర్రది నలభయ్యోవాడిది, భటుల సేనాపతిది. అది కట్టుకునే హక్కు నాకు లేదు. అందుకే బావకు పంపాను. అది వచ్చేదాకా మేం ముప్పై తొమ్మిది మందితోనే ఆట ఆపేస్తున్నాం. జనం లెక్కపెట్టరు, నేను పెడతాను. ఆ చోటు ఆయనదే.

ఇంటికి రమ్మనవద్దు. తిట్టడం మాత్రం ఆపకు, నీ తిట్లు లేకపోతే నాకు వారం గడవదు.

ప్రేమదాసు


చేవెళ్ళ,
10 జూలై 1969

తమ్ముడికి,

ఈ మాట రాసి నాలుగు నెలలైంది. చెయ్యి వెంటనే తిరగలేదు.

నువ్వు పడుతున్నావని మీ బావకు చదివి వినిపించాను. "వాడా? పడుతుండా?" అని మూడుసార్లు అడిగాడు. తర్వాత మంచం మీదే కూర్చుని, చేతులతో చూపిస్తూ, "ఆటోగ్రాఫువాడు నవ్వుకుంట రావద్దని రాయి. భయపడుకుంట రావాలె, కాయితం చూసినంకనే నవ్వాలె" అన్నాడు. మార్చి తర్వాత ఆయన మొహంలో వెలుగు చూడటం అదే మొదటిసారి. నిన్న బాపు కట్టె ఊతంగా పట్టుకుని నాలుగడుగులు వేశాడు. కాలు ఒక అంగుళం కురచైంది. ఇక పడటం మాత్రం ఆయన వల్ల కాదు.

నీ మీద కోపం తీరిందని అనుకోకు. సగం ఉంది. చట్టం పెట్టినవాడే తప్పడం నాకు ఇంకా మింగుడుపడటం లేదు.

దవాఖానాలో పని పెరిగింది. అది తర్వాత రాస్తాను. ఒక చిన్న సంగతి అడగాలి. మీ ఆటలో భటుల పెండ్లాలు ఏడ్చే ఘట్టం కూడా ఉందట, ఆ ఏడుపులు కూడా మీ బావే ఏడ్చేవాడట. దానికి ఉల్లిగడ్డ వాడతారా? ఊరికే అడుగుతున్నాను.

కరుణమ్మ


మొయినాబాద్,
19 జూలై 1969

అక్కా,

"తమ్ముడికి" అన్న మాట విమలమ్మకు చూపించాను, జంగయ్యన్నకు చూపించాను, బడి వాచ్‌మన్‌కు కూడా చూపించాను. బావ చెప్పినట్టు భయపడుతూ వచ్చి, కాగితం చూశాక నవ్వాను. జంగయ్యన్న కత్తి కింద పడేసి నవ్వాడు. ఆటోగ్రాఫువాడు వచ్చేశాడు. ఉస్తాదు మంచం మీద ఉన్నా ఉస్తాదే.

కానీ ఉల్లిగడ్డ అన్నావు చూడు, ఆ మాట ఇంకెవరన్నా అని ఉంటే ఊరుకునేవాడిని కాదు! ఉల్లిగడ్డ పెట్టుకుని ఏడ్చేది వీధి భాగోతాల్లో చేతకానివాళ్ళు. మా మండలి పుట్టినప్పటి నుంచి స్టేజీ మీదికి ఉల్లిగడ్డ ఎక్కలేదు. బావ ఊపిరి బిగబట్టి, రెప్ప వాల్చకుండా పది లెక్కపెడితే కండ్లలోంచి ధారగా వస్తాయి నీళ్ళు. ఒకసారి నల్లగొండ అభిమానులు నమ్మక, స్టేజీ ఎక్కి ఆయన చేతులు వాసన చూశారు. ఏమీ లేదు! ఆ రోజు వాళ్ళు మా ఇద్దరినీ భుజాల మీద ఎక్కించుకున్నారు. జేబులు వెతుక్కోమని బావ సవాలు కూడా చేసేవాడు. ఎవరికీ ఏమీ దొరకలేదు. ఈ సంగతి నువ్వు పదిమందికీ చెప్పాలి.

గర్వంతో,
నీ తమ్ముడు ప్రేమదాసు


చేవెళ్ళ,
2 ఆగస్టు 1969

తమ్మీ,

ఈ ఉత్తరం టపాలో వేయడం లేదు. సంతకు బండి తోలుకొచ్చిన జంగయ్యన్న చేతికే ఇస్తున్నాను. చదివి పొయ్యిలో పెట్టు. ఎందుకో నీకే తెలుసు.

గొప్పలు చెప్పుకునేవాడి నోట్లోంచి నిజం లాగడం ఎంత సులువో చూసి బాపు ఉంటే నవ్వేవాడు. ఉల్లిగడ్డ లేదని రెండు పేజీలు రాశావు. మరి మార్చి రెండున మీ బావ జేబులో దొరికింది ఏమిటి? ఏప్రిల్‌లోనే నీకు రాశాను. నువ్వు నా తిట్లు మాత్రమే చదివావు.

జూలై మొదటివారంలో పట్నం దారిలో గొడవ జరిగి ఆరుగురు కాలేజీ పిల్లలను దవాఖానాకు తెచ్చారు. కండ్లు ఎర్రగా, గొంతులు పచ్చిపుండ్లు. ఒకటే దగ్గు, పొడి దగ్గు. ఆపుకుందామన్నా ఆగదు. అంగీలు విప్పిస్తే ముగ్గురి జేబుల్లో సగం కోసిన ఉల్లిగడ్డలు. "ఇవేంది బాబూ?" అంటే ఒకడు, "పోలీసులు గ్యాసు కొడితే వాసన చూస్తం సిస్టరమ్మా. కండ్లు జర తేటవడ్తయి" అన్నాడు. నేను చేతిలోని మందు గిన్నె అక్కడే పెట్టేసి కూర్చున్నాను.

నీ జవాబు రాగానే మీ బావ ముందు పెట్టి చదివాను. ఉల్లిగడ్డ దగ్గరికి వచ్చేసరికి ఆయన గోడ వైపు తిరిగాడు. ఈసారి నేను మంచం అటువైపు పోయి నిలబడ్డాను. అంతా చెప్పాడు.

ఆ రోజు మధ్యాహ్నం మహాసభకు పోతూ దారిలో ఊరేగింపులో కలిశాడు. చూసి వద్దామని పోయాడట. పొగ వదిలారు. అందరూ ఉరుకుతుంటే ఒక ఆడపిల్ల కింద పడింది. ఆమెను ఎత్తుకుని సందులో ఒక ఇంటి దాకా మోసి, ఆ పొగంతా తాను మింగాడు. ఆ ఇంటి ముసలమ్మే ఉల్లిగడ్డ చేతిలో పెట్టిందట. అట్లాగే వచ్చి వేషం కట్టాడు. గొంతు మండుతుంటే బెల్లం ముక్క దవడన పెట్టుకుని ఇరవై ఒక్క మంది భటుల దాకా సైగ దగ్గు తప్ప ఇంకో దగ్గు రాకుండా ఆపుకున్నాడు. ఇరవై రెండోవాడి తలపాగా కట్టుకుంటూ, నీకు వీపు పెట్టి స్టేజీ అంచున నిలబడి ఉండగా బెల్లం అయిపోయింది. దగ్గాడు. చట్టం ప్రకారం నువ్వు విసిరావు. ఆయన మెట్ల మీద పడితే జనం చప్పట్లు కొట్టారట.

దవాఖానాకు పోయే జీపులో నీ చెయ్యి పట్టుకుని, "బామ్మర్దీ, దగ్గింది నేనే, నీ తప్పేం లేదు. పొగ మింగి వచ్చిన. మీ అక్కకు చెప్పకు, బైబిలు మీద ఒట్టేసిన. దఫ్తర్ల తెలిస్తే నౌకరి పోతది" అన్నాడట. నువ్వేమో, "ఫికర్ చెయ్యకు బావా, నువ్వు దగ్గలేదనే చెప్త" అన్నావట.

ఇద్దరూ ఇద్దరే! నాలుగు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఒట్టు తప్పినందుకు కాదు. నేను నిన్ను నోటికొచ్చినట్టు తిడుతుంటే విని ఊరుకున్నందుకు. ఐదో రోజు కోపం ఎటు పోయిందో తెలియలేదు. ముక్కూమొహం తెలియని పిల్లను పొగలోంచి మోసుకొచ్చినవాడు నా ఇంటివాడు. ఒట్టు వేయించిన నోటితోనే చెబుతున్నాను, నాకు గర్వంగా ఉంది.

నీ సంగతి ఇంకా పెద్దది. తొందరపడి కొట్టానని అబద్ధం రాశావు. ఇంకే అబద్ధం రాసినా నీకు అంత నష్టం లేదు. బాపు మాట తప్పు అని చూపించడానికే బతికినవాడివి, ఆ మాటే నిజమని నీ చేత్తో రాసి నాకు పంపావు. నేను దాన్ని తీసుకుని నిన్ను ఇంకో నాలుగు దెబ్బలు కొట్టాను. ఒక్క దెబ్బకూ దగ్గలేదు నువ్వు. నా పాపం నాకు తెలుస్తోంది.

బాపు ఒక్క సంగతిలో పొరబడ్డాడు. నీ చెయ్యి ఆగుతుంది. చెయ్యే కాదు, ఐదు నెలలు నీ నోరు కూడా ఆగింది. మన ఇంట్లో అది ఎవరికీ చేతకాదు.

తలుపు తీసే ఉంది. ఆదివారం అన్నానికి రా. విమలమ్మను తీసుకురా. పులుసు నేను పెడతాను.

అక్క


మొయినాబాద్,
5 నవంబరు 1969

అక్కా,

ప్రతి ఆదివారం నీ ఇంట్లో తింటూ మళ్ళీ ఉత్తరం ఎందుకని అడుగుతావు. కొన్ని మాటలు నీ ఎదురుగా నోట్లోంచి రావు. కాగితం మీదైతే వస్తాయి. ఆగస్టులో నువ్వు రాసిన ఉత్తరం పొయ్యిలో పెట్టమన్నావు. పెట్టాను. పెట్టేముందు ఎన్నిసార్లు చదివానో చెప్పను. మొత్తం నోటికి వచ్చు.

ఇప్పుడు అసలు సంగతి. బడులు తెరిచారు, బస్సులు తిరుగుతున్నాయి. అభిమాన సంఘాల మహాసభ ఈసారి పట్నంలో కాదు, మన మొయినాబాద్‌లో! ముప్పయ్యో తారీఖు ఆదివారం, ఆరాధన అయ్యాక, డేరా టాకీసు మైదానంలో. నల్లగొండవాళ్ళు వస్తున్నారు, గుంటూరువాళ్ళు కూడా వస్తామని కార్డు రాశారు. ఈ గొడవల్లో అటువాళ్ళూ ఇటువాళ్ళూ ఒక డేరా కింద కూర్చుని నవ్వడం అంటే మాటలు కాదు. సంఘం పెద్ద స్వయంగా వచ్చి, "మీ భటులు లేకపోతే సభ పెట్టుడే దండుగ" అన్నాడు. మన ఊరి పేరు పోస్టరు మీద అచ్చయింది. ఒకటి పంపుతున్నాను, దవాఖానా గోడకు అంటించు.

నీ అనుమతి కావాలి. బావను తిరిగి ఇవ్వు. ఆయన పడనవసరం లేదు. రాజు వేషం కట్టి సింహాసనం మీద కూర్చుని, ఏ భటుడు ఎట్లా చావాలో వేలితో చూపిస్తాడు. నేను పడతాను. ఆయన చూపిస్తే నవ్వు ఎట్లా వస్తుందో నువ్వు చూడాలి. ముందు వరసలో కుర్చీ నీదే.

నలభయ్యోవాడు ఇంకా చావలేదు అక్కా. మార్చిలో ఆట మధ్యలో ఆగిపోయింది. ఎర్ర తలపాగా బావ తలగడ కిందే ఉంది. ఆ చోటు ఏం చేయాలో నువ్వే చెప్పు.

ప్రేమదాసు


చేవెళ్ళ,
12 నవంబరు 1969

తమ్మీ,

పోస్టరు మందుల గది తలుపుకు అంటించాను. వచ్చిన ప్రతి మనిషికీ, "గీ మండలి మా తమ్మునిది, అండ్ల రాజు మా ఇంటాయన" అని చెబుతున్నాను. సూది కంటే ముందు ఆ మాటే పొడుస్తున్నానని కాంపౌండరు నవ్వుతున్నాడు. ముడిమ్యాల కవలలను ఎత్తుకుని బాలనర్సమ్మ కూడా వస్తుందట, వాళ్ళకు నేలమీద చోటు చూడు.

మీ బావను ఇస్తున్నాను. రాజు మీసం ఇప్పటినుంచే పెట్టుకుని తిరుగుతున్నాడు. పెట్టుకుని అన్నం తింటే పులుసు అంటుకుంటోంది, చెబితే వినడు.

ఎర్ర తలపాగా ఆయన నిన్న నా చేతికిచ్చి, "ఇది ప్రేమదాసుకు కట్టు" అన్నాడు. నలభయ్యోవాడివి నువ్వే. దానికి నాదొక షరతు ఉంది. జంగయ్యన్న ముప్పై తొమ్మిది మందిని నరకనీ. చివరివాడి దగ్గర ఆయన పోయి డోలు అందుకుంటాడు. ఆ ఒక్క దెబ్బ నాది.

నర్సమ్మ స్టేజీ ఎక్కడమేమిటని ఎవరన్నా అంటే అననీ. బాపు దగ్గర కట్టెసాము నేనూ నేర్చాను, ఆయన కట్టె నా దగ్గరే ఉంది. మీ బావ తన ఊతకట్టె నాకిచ్చి, ఆ ఒక్క ఘడియ సింహాసనాన్ని పట్టుకుని నిలబడతానన్నాడు. వారం నుంచి పెరట్లో సాధన చేస్తున్నాను. చెయ్యి మరిచిపోలేదు.

ఆ ఐదు నెలల్లో నిన్ను అడగకుండా చాలా దెబ్బలు కొట్టాను. ఆ రోజు ఊరి ముందు, గుంటూరువాళ్ళ ముందు, నల్లగొండవాళ్ళ ముందు కట్టె ఎత్తి నిలబడతాను. నువ్వు తలపాగా తీరిగ్గా కట్టుకో. మీసం దువ్వుకో. జనాన్ని ఎంతసేపైనా నవ్వించుకో.

నువ్వు దగ్గేదాకా నేను కట్టె దించను.

మీ అక్క,
కరుణమ్మ